లాయరమ్మ వంతు

ఆ పిల్ల మళ్ళీ తన వంతు ఎవరికో ఇచ్చేసింది.

ఎన్నోసారి ఇచ్చిందో చెప్పమంటే విమానం అక్క చెప్పలేదు. లెక్కపెట్టే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది. తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడుచుకుని చెక్కమెట్ల పక్కన నిలబడి, 'నా ఖర్మ కాకపోతే ఇంత దూరం వచ్చి ఈ పిల్ల పాలబడ్డానేమిటి' అని పళ్ళు నూరుకుంటోంది. మెట్ల మీద ఉండాల్సిన ఆ పిల్లేమో గోడవారగా కుర్చీలో కూర్చుని, ఇనప కట్టు వేసిన కాలు దర్జాగా చాపుకుని, "అలా కాదురా! ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు! చెడ్డ కాలు దిగేటప్పుడు ముందు!" అని మెట్లెక్కుతున్న పిల్లాడికి పాఠం చెబుతోంది. పాఠం మాత్రం ఒక్క ముక్క తప్పు లేకుండా చెబుతోంది. అసలు ఒళ్ళు మండించే సంగతి అదే.

విమానం అక్క అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఫిజియోథెరపీ మూడో ఏడు చదువుతూ, సెలవుల్లో సేవ చేస్తానని పేరిచ్చి, ఈ పరాయి దేశంలోని పిల్లల ఆసుపత్రికి వచ్చింది. వచ్చిన రోజునే పిల్లలు చుట్టుముట్టి "విమానంలో కిటికీ తెరుచుకుంటుందా?" అని అడిగారు. తెరుచుకోదని చెప్పాక విమానం మీద వాళ్ళకి గౌరవం పోయింది గానీ, పేరు మాత్రం ఆమెకి అతుక్కుపోయింది. అక్కడి భాష ఆమె వచ్చేముందే కొంత నేర్చుకుంది. మిగతాది పిల్లలు వెక్కిరించి వెక్కిరించి నేర్పారు. వాళ్ళ మాటలన్నీ మనం మన మాటల్లోనే చెప్పుకుందాం, లేకపోతే ఈ కథ ఇవాళ తెమలదు.

సేవ చేయడానికి వచ్చింది కాబట్టి ఈ అమ్మాయి పుట్టుకతోనే త్యాగమూర్తి అనుకునేరు. అదేం లేదు. ఇంట్లో చిన్నకూతురు. బస్సెక్కితే కిటికీ సీటు అన్నయ్యకి ఇచ్చిన పాపాన పోలేదు. ఇక్కడ కూడా సాయంత్రం హాస్టలు వ్యాన్ వచ్చి హారన్ కొట్టిందంటే, చేతిలో ఎవరి కాలు ఉన్నా మెల్లగా కింద పెట్టేసి, కోటు విప్పేసి, పరుగే పరుగు. పని చేసినంతసేపూ ప్రాణం పెట్టి చేస్తుంది. హారన్ మోగాక మాత్రం ఆ సమయం తనది.

ఇక ఆసుపత్రిలో వ్యాయామం గది ఒక్కటే. అందులో రెండు పక్కలా కడ్డీలున్న చెక్కమెట్లూ ఒక్కటే. పిల్లలేమో మంచానికొకరు. అందుకని ఒక్కొక్కరికీ మెళ్ళో వేసుకునేలా తాడు కట్టి ఒక్కో చెక్కబిళ్ళ ఇచ్చారు. ఒకరి బిళ్ళ మీద చేప, ఒకరి దాని మీద బకెట్టు, ఈ పిల్ల బిళ్ళ మీద గొడుగు. మెట్ల దగ్గరున్న రేకు డబ్బాలో బిళ్ళ వేస్తే ఆ రోజుకి ఒక వంతు. సాయంత్రానికి, ఎవరి చేతిలో ఉన్నా సరే, ఎవరి బిళ్ళ వాళ్ళకి తిరిగొచ్చేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ బిళ్ళ పిల్లలది, పెద్దవాళ్ళు ముట్టుకోకూడదు. కావాలంటే తన బిళ్ళ ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. ఇచ్చాక మాత్రం ఆ రోజుకి తిరిగి అడగకూడదు, మొహం మాడ్చుకోకూడదు. అదీ అక్కడి చట్టం. ఇలాంటి చట్టం ఏ తలమాసినవాళ్ళు పెట్టారని విమానం అక్క మొదటి రోజే అడిగింది. పెట్టింది ఆ గదికి పెద్ద అయిన థెరపిస్టేనని, ఆవిడ తన వెనకాలే నిలబడి ఉందని తర్వాత తెలిసింది.

"నీ బిళ్ళ వాడికెందుకిచ్చావే?" అంది విమానం అక్క, ఆ పిల్ల కుర్చీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని.

"రేపు వాళ్ళ నాన్న వస్తున్నాడు. ఎక్కి చూపించాలట. ఇంకాస్త నేర్చుకుంటాడని ఇచ్చాను."

"మరి నీకోసం పెద్ద డాక్టరు రావడం లేదూ?"

"పెద్ద డాక్టరు నాకు నాన్నేంటి అక్కా?"

అదీ వరస. ఎనిమిదేళ్ళు నిండీ నిండకుండానే ఆసుపత్రంతా ఆ పిల్లని లాయరమ్మ అనేది ఊరికే కాదు. కూరలో ఉప్పు తగ్గితే వంటగదినీ, సూది గట్టిగా గుచ్చితే నర్సునీ, వాన పడితే ఆకాశాన్నీ నిలదీసే రకం. వాదనకి దిగిందంటే అవతలివాళ్ళు నోరు మూసుకుని తమ పని చూసుకోవడం మేలు.

కానీ లాయరమ్మకి మెట్లు అందరికంటే ఎక్కువ అవసరం. మోకాలు చెడి ఆపరేషను అయింది. ఆ ఊరి స్కూల్లో ఆమె తరగతి మేడ మీద. నిరుడు బేకరీలో పనిచేసే వాళ్ళమ్మ రోజూ చంకనెత్తుకుని ఆ మెట్లెక్కించింది. ఎక్కించి ఎక్కించి ఆవిడ నడుం పట్టేసింది. ఒకపూట మెట్ల మధ్యలో ఇద్దరూ కూలబడ్డాక, ఎవరూ పట్టుకోకుండా పిల్ల తనంతట తను ఎక్కగలిగితేనే తీసుకురండి, లేకపోతే వద్దు అని స్కూలువాళ్ళు చెప్పేశారు. బడి తెరిచేలోగా పెద్ద డాక్టరు చూసి 'సరే' అనాలి. ఆయన వచ్చేదేమో నెలకొక్కసారి. 'సరే' అనకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే. వాళ్ళమ్మ ముందే కొనిచ్చిన బడిసంచీ లాయరమ్మ మంచం కోడుకి వేలాడుతూ ఉంటుంది. ఆ పిల్ల రోజూ దాని జిప్పు తీసి చూసుకుని మళ్ళీ వేస్తుంది. లోపల ఏమీ లేదు.

విమానం అక్కకి కూడా ఇందులో స్వార్థం లేకపోలేదు. తిరిగి వెళ్ళాక కాలేజీలో 'నేను నడిపించిన పిల్ల' అని చెప్పుకోవాల్సింది ఈ పిల్ల గురించే. అలాంటిది ఆ పిల్ల తన వంతు పప్పుబెల్లాల్లా పంచుతుంటే కడుపు రగిలిపోదూ?

మెట్లెక్కిన పిల్లాడిది చేప బిళ్ళ. వాడి నాన్న వచ్చి చూసి వెళ్ళాడు. హమ్మయ్య అనుకునేలోగా ఇంకో తలనొప్పి వచ్చింది. ఐదేళ్ళ పిల్ల. రెండు కాళ్ళకీ కట్లు. తీసుకొచ్చి వ్యాయామం గదిలో కూర్చోబెట్టగానే పాక్కుంటూ వెళ్ళి బల్లకింద దూరింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. పెద్దవాళ్ళెవరైనా వంగి చూస్తే ఇంకా లోపలికి జరిగేది. రోజూ అక్కడే. దాంతో పేరే బల్లకింద అయిపోయింది. తన బకెట్టు బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని కూర్చునేదే తప్ప డబ్బాలో వేసేది కాదు.

లాయరమ్మ ఒక మధ్యాహ్నం తన కట్టు కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి బల్ల పక్కన చతికిలబడింది. లోపలికి తల పెట్టి ఏదో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. కాసేపటికి గొడుగు బిళ్ళ బల్లకిందకి వెళ్ళిపోయింది.

"ఓరి దేవుడో! దానికి బిళ్ళ లేకనా? గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది, కనపళ్ళేదా నీకు?" విమానం అక్క గొంతు గదంతా మోగింది.

"దాని బిళ్ళ అయిపోతుందని దానికి భయం అక్కా. ముందు నాది వాడి చూడు, బాగా లేకపోతే నాదే పోతుంది కదా అన్నాను."

"వాడిందా మరి?"

"లేదు. రేపు వాడుతుందేమో."

విమానం అక్క ఇక లాభం లేదని తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ అంటే ఆ గదికి పెద్ద అని చెప్పుకున్న థెరపిస్టే. భారీ మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతోంది.

"పెద్దమ్మా, ఈ బిళ్ళల పద్ధతి మార్చెయ్యండి. ఎవరి వంతు వాళ్ళే వాడుకోవాలని మీరొక్క మాట చెబితే చాలు."

"చెప్పను."

"ఎందుకండీ?"

"ఈ పిల్లలకి ఇక్కడ సొంతమని ఏముందో చెప్పు. పడుకునే మంచం మనది. తొడుక్కునే గౌను మనది. కాలికి కట్టిన ఇనుమూ మనదే. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు సూది పొడిపించుకోవాలో అన్నీ మనమే చెబుతాం. ఆ చెక్కముక్క ఒక్కటే వాళ్ళది."

"ఇచ్చి ఇచ్చి ఆ పిల్ల బడి పోగొట్టుకుంటుందండీ!"

"చెప్పి చూడు. బతిమాలు. తిట్టు. కావాలంటే నామీద అరుచుకో. బిళ్ళ మాత్రం ముట్టుకోకమ్మాయ్."

ముట్టుకోవద్దన్నాక ముట్టుకోకుండా ఉంటే బాగానే ఉండేది. మర్నాడు పొద్దున్న లాయరమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, తలగడ పక్కనున్న గొడుగు బిళ్ళని విమానం అక్క తీసి కోటు జేబులో వేసుకుంది. వంతు వేళకి తనే డబ్బాలో వేసి పిల్లని మెట్లెక్కించేద్దామని ఆమె తెలివి. ఎవరూ చూడరనుకుంది. ఆసుపత్రిలో కదల్లేక పడుకున్న పిల్లలకి చూడ్డం తప్ప వేరే పనేముంటుంది? ఆమె గదిలో అడుగు పెట్టేసరికే గోల మొదలైంది.

"అక్క జేబులో బిళ్ళ! గొడుగు బిళ్ళ!"

"దొంగతనం! విమానం అక్క దొంగతనం చేసింది!"

చేప బిళ్ళ పిల్లాడు నర్సుని పిలవడానికి బయల్దేరాడు కూడా. విమానం అక్క మొహం ఎర్రబడింది. ఇంత చదువు చదివి, ఇంత దూరం వచ్చి, పిల్లల నోట దొంగ అనిపించుకోవడం! జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఆగండర్రా!" అని లాయరమ్మ గద్దించింది. "అది దొంగతనం కాదు. పోగొట్టుకుంటానని దాచింది. నా బిళ్ళే కదా, నాకు లేని బాధ మీకెందుకు? పైగా అక్క వాళ్ళ ఊళ్ళో బిళ్ళలుండవు. ఆవిడకి తెలీదు, పాపం."

ఆ 'పాపం' దగ్గర విమానం అక్కకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బిళ్ళ తీసి పిల్ల చేతిలో పెట్టింది. లాయరమ్మ ఆ రోజు మారుమాట్లాడకుండా డబ్బాలో బిళ్ళ వేసి మెట్లెక్కింది. దిగాక ఆమె కోటు పట్టుకుని కిందికి వంచి చెవిలో, "ఇంకెప్పుడూ అలా చెయ్యకక్కా. ప్రతిసారీ నేను సర్దిచెప్పలేను," అంది.

పెద్ద డాక్టరు వచ్చే రోజు రానే వచ్చింది. పొడుగు మనిషి, చేతి గడియారం చూసుకుంటూ మాట్లాడతాడు. లాయరమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని మంచి కాలు పైకి వేసింది, ఇనప కాలు లాక్కుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ లాక్కుంది. చివరి మెట్టు దగ్గర పిల్ల తొడ వణకడం మొదలుపెట్టింది. మంచి కాలు పైకి వెళ్ళింది గానీ ఇనప కాలు రాలేదు. రెండోసారి లాగింది. మెట్టు అంచుకి ఇనుము టక్కున కొట్టుకుంది తప్ప పైకి రాలేదు. పిల్ల పక్కకి ఒరిగిపోతుంటే విమానం అక్క పట్టుకుంది.

"ఇంకా బలం చాలదు," అన్నాడు డాక్టరు. "ఈ నెలంతా చేయించారా?"

విమానం అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం చెబుతుంది? చేయించబోతే ఊరందరికీ పంచిపెట్టింది డాక్టరుగారూ అని చెబుతుందా? ఈలోగా లాయరమ్మే, "డాక్టరుగారూ, నన్ను చూసేశారు కదా, బల్లకింద కూడా ఒకళ్ళున్నారు, చూడండి," అంది. కళ్ళలో నీళ్ళున్నాయి. మాట మాత్రం తడబడలేదు. డాక్టరు తన పొడుగంతా ముడుచుకుని బల్లకిందకి తొంగిచూశాడు. అవతలి పిల్ల గోడకి అతుక్కుపోయింది. ఆయన లేచి గడియారం చూసుకున్నాడు. లాయరమ్మ కేసి కూడా కాసేపు చూశాడు.

"వచ్చే వారం పక్క ఊరికి వెళ్ళి ఇటే తిరిగొస్తాను. ఒక్కసారి ఆగి చూస్తా. అప్పటికీ కాకపోతే నేను చేయగలిగింది లేదు."

వచ్చే వారం! వచ్చే వారం విమానం అక్క అక్కడ ఉండదు. సేవ ఈ వారంతో సరి. ఇంటికి వెళ్ళేముందు హాస్టలు స్నేహితులతో కలిసి కొండల మీదికి మంచు చూడ్డానికి వెళ్ళాలి. పుట్టి బుద్ధెరిగాక ఆమె చూసిన మంచు ఫ్రిజ్‌లో గడ్డకట్టిందే. ఈ దేశానికి పేరిచ్చినప్పుడే మొదట ఆలోచించింది ఆ మంచు గురించి. కొత్త చేతితొడుగులు కూడా కొనిపెట్టుకుంది. అమ్మకి ఫోన్ చేసి మంచులో ఫొటో పంపిస్తానని ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ సాయంత్రమంతా ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. నేనెందుకు ఆగాలి? ఆ పిల్లని దానాలు చెయ్యమని నేను చెప్పానా? నెత్తీ నోరూ కొట్టుకుని వద్దన్నాను కదా? ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. న్యాయంగా చూస్తే ఆమె హాయిగా వెళ్ళిపోవచ్చు. కానీ ఆ టక్కుమన్న చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. మర్నాడు పొద్దున్న స్నేహితులకి రావడం లేదని చెప్పేసింది. చేతితొడుగులు వాళ్ళలో ఒకామెకి ఇచ్చేసి, ఆమె వేసుకుని చూసుకుంటుంటే అటు తిరిగి నిలబడింది.

పెద్దమ్మని అడిగి, గది తెరవకముందు పొద్దున్నే మెట్లు వాడుకోవడానికి అనుమతి తీసుకుంది. లాయరమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, "ఇదిగో, ఈ వారం నేను వెళ్ళడం లేదు. రోజూ పొద్దున్న నీకే. ఇది నీ బిళ్ళతో పని లేకుండా నేనిస్తున్న వంతు," అంది.

లాయరమ్మ లేచి కూర్చుంది. "ఇస్తున్నావా?"

"ఇస్తున్నాను."

"పూర్తిగానా?"

"పూర్తిగానే తల్లీ."

"ఇచ్చాక మొహం మాడ్చుకోకూడదు, తెలుసుగా?"

"నేనేం మాడ్చుకోవడం లేదు."

"ఇప్పుడే మాడ్చుకుంటున్నావు," అని లాయరమ్మ మళ్ళీ పడుకుంది.

మర్నాడు విమానం అక్క చీకటి విడీ విడకముందే లేచి, చలికి పళ్ళు టకటక కొట్టుకుంటుంటే రెండు బస్సులు మారి వచ్చింది. నర్సు అప్పటికే తాళం తీసిపెట్టిన వ్యాయామం గది తలుపు తోసింది. చెక్కమెట్ల మీద బల్లకింద ఉంది. మొదటి మెట్టు మీద, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, వణుకుతూ నిలబడి ఉంది. పక్కన కుర్చీలో లాయరమ్మ కాలు చాపుకుని కూర్చుని, "మంచి కాలు ముందు. నీకు రెండూ చెడ్డవే కదా, నీకిష్టమైంది ముందు పెట్టు," అంటోంది.

విమానం అక్క ఒక్క అంగలో కుర్చీ దగ్గరికి వచ్చింది. లాయరమ్మని కుర్చీతో సహా వసారాలోకి ఈడ్చుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఇక అప్పుడు కట్టలు తెగాయి.

"నీకు బుద్ధుందా? నీకోసం ఆగిపోయాను నేను! మంచు మానుకున్నాను! చేతితొడుగులు కూడా ఇచ్చేశాను! చలికి చచ్చి రెండు బస్సులు మారి వచ్చాను! ఎవరికోసం? ఆ పిల్లకోసమా? నీకోసమే! నీకిచ్చింది తీసుకెళ్ళి దానికిస్తావా?"

"అక్కా, ఒక్కటి చెప్పు. పొద్దున వంతు నువ్వు నాకు ఇచ్చావా, దాచిపెట్టమన్నావా?"

"ఇచ్చాను!"

"పూర్తిగా?"

"పూర్తిగా! అయితే?"

"అయితే అది నాదే కదా. నాదైంది కాబట్టే ఇవ్వగలిగాను. నీదే అయితే నేనెలా ఇస్తాను? నిన్నడగకుండా నీది ఇచ్చేస్తే దొంగతనం కదా?"

విమానం అక్క తలుపు సందులోంచి చెక్కమెట్ల కేసి చూసింది.

"మధ్యాహ్నం అయితే అందరూ చూస్తారు అక్కా. దానికి సిగ్గు. పొద్దున్న ఎవరూ ఉండరు. దానికి పొద్దునే కావాలి. అది నా దగ్గర ఎక్కడుంది? నువ్విస్తేనే కదా వచ్చింది."

విమానం అక్క వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. నీళ్ళు మంచులా ఉన్నాయి. నాకు రాసిపెట్టిన మంచు ఇదే కాబోలని ఇంకోసారి కడుక్కుంది. కోపం పోయిందా అంటే పోలేదు. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. తను ఇన్నాళ్ళూ ఎవరికేమిచ్చినా దానికి ఓ తాడు కట్టి, కొస తన చేతిలో పెట్టుకునే ఇచ్చిందని ఆ చన్నీళ్ళలో తట్టింది. ఈ పిల్ల ఆ తాడుని చటుక్కున కోసేసింది. కోసి, పైగా న్యాయం కూడా చెబుతోంది.

తిరిగొచ్చి పక్కన నేలమీద కూర్చుంది. "సరే. మరి నీ సంగతేమిటి?"

"మధ్యాహ్నం నా వంతు నాకుందిగా."

"అది చాలదమ్మా."

"చాలదా?" లాయరమ్మ గొంతు మొదటిసారి చిన్నదైంది. కాసేపు తన ఇనప కాలు కేసి చూసుకుంది. "నాకూ బడికి వెళ్ళాలనుందక్కా. చాలా ఉంది."

తలుపు సందులోంచి టక్, టక్ మని చిన్న చప్పుడు వస్తోంది. బల్లకింద రెండో మెట్టు మీదికి వెళ్తున్నట్టుంది. ఇద్దరూ విన్నారు. లాయరమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఈ పిల్లని ఏం చెయ్యాలిరా భగవంతుడా అని విమానం అక్క తల పట్టుకుంది. తల పట్టుకుని వసారా చివరికి చూస్తుండగా ఆమె కంటికి ఆసుపత్రి ముందు వాకిలి కనపడింది. వాకిట్లో రాతిమెట్లున్నాయి. చెక్కమెట్లకంటే ఎత్తు. వాటికి బిళ్ళ అక్కర్లేదు. పగలంతా వచ్చేపోయేవాళ్ళతో కిటకిటలాడతాయి. సాయంత్రం మాత్రం, హాస్టలు వ్యాన్ వెళ్ళిపోయే వేళకి, ఖాళీ అయిపోతాయి. ఆ వేళకి ఆ మెట్లు ఎలా ఉంటాయో ఆమె ఒక్కరోజు కూడా ఆగి చూడలేదు.

సాయంత్రం వ్యాన్ వచ్చింది. హారన్ మోగింది. విమానం అక్క కాళ్ళు అలవాటుకొద్దీ ఉలిక్కిపడ్డాయి. ఆమె రాతిమెట్ల మీద లాయరమ్మ వెనక, చేతులు చాచి, తాకకుండా నిలబడి ఉంది.

"అమ్మాయ్, వస్తావా రావా?" అని వ్యాన్ బాబాయి కేకేశాడు.

"మీరు వెళ్ళండి బాబాయ్!"

వ్యాన్ వెచ్చగా, వెలుగుతో, తన కిటికీ సీటు ఖాళీగా, మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఇక రెండు బస్సులు మారాలి. రాత్రి భోజనం చల్లారిపోయి ఉంటుంది.

"అక్కా," అంది లాయరమ్మ వెనక్కి తిరక్కుండానే. "మొహం."

"నువ్వు చూశావా? చూడకుండా ఎలా చెబుతావే?"

"ఊపిరి వినపడుతోంది."

విమానం అక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఆపైన, ఎక్కడినుంచి వచ్చిందో, నవ్వొచ్చింది. "సరే, బాగు చేసుకున్నాను. ఎక్కు ఇంక. మంచి కాలు ముందు."

ఆ వారమంతా అదే వరస. పొద్దున వంతు బల్లకిందకి. అది ఎక్కుతుంటే విమానం అక్క పట్టుకోవాల్సి వచ్చేది. పట్టుకుంది. మొదట్లో గొణుక్కుంటూ పట్టుకుంది, తర్వాత గొణగడం మర్చిపోయింది. మధ్యాహ్నం లాయరమ్మ తన బిళ్ళ డబ్బాలో వేసేది. ఒక్కరోజు మాత్రం చేప బిళ్ళ పిల్లాడు బుంగమూతి పెట్టాడని వాడికి ఇచ్చేసింది. విమానం అక్క కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదిలింది, అంతే. సాయంత్రం రాతిమెట్లు. చేతికందే ఎత్తులో కమ్మీ, వెనక విమానం అక్క, చలి.

పెద్ద డాక్టరు వచ్చేసరికి వ్యాయామం గదిలో చెక్కమెట్ల మీద బల్లకింద ఉంది. అందరూ చూస్తుండగానే ఉంది. దించుదామా అని నర్సు చెయ్యి చాపితే పెద్దమ్మ వద్దని తలూపింది. "డాక్టరుగారూ, మాది వాకిట్లో," అని విమానం అక్క ఆయన్ని బయటికి తీసుకెళ్ళింది. డాక్టరు మెట్లపైన నిలబడ్డాడు. గడియారం చూసుకోబోయి ఆగాడు. కింద లాయరమ్మ కమ్మీ పట్టుకుంది. మంచి కాలు, ఇనప కాలు. మంచి కాలు, ఇనప కాలు. చివరి మెట్టు దగ్గర తొడ మళ్ళీ వణికింది. విమానం అక్క చేతులు రెండూ వీపు వెనక కట్టేసుకుని గోళ్ళు గుచ్చుకుంది. ఇనుము రాతిని గీసుకుంటూ, ఆగి, గీసుకుంటూ, పైకి వచ్చింది.

"సరే," అన్నాడు డాక్టరు.

లాయరమ్మ ఏదో వాదించబోయినట్టు నోరు తెరిచి, వాదించడానికి ఏమీ లేదని తెలిసి, భోరుమని ఏడ్చింది. విమానం అక్క కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, "చూశావా, ఆ వంతులన్నీ వాడుకునుంటే ఎప్పుడో ఎక్కేదానివి," అని తిట్టింది కూడా.

మర్నాడు బేకరీ అమ్మ వచ్చింది. బడిసంచీ లాయరమ్మ భుజానికెక్కింది. ఇంటికెళ్ళే పిల్ల తన బిళ్ళ ఇష్టమైనవాళ్ళకి ఇచ్చి వెళ్ళవచ్చు. లాయరమ్మ మెళ్ళోంచి గొడుగు బిళ్ళ తాడుతో సహా తీసి విమానం అక్క అరచేతిలో పెట్టింది. పట్టుకుని పట్టుకుని అంచులు నున్నగా అరిగిపోయి, పిల్ల ఒంటి వెచ్చదనంతో ఉంది.

"నీకేనక్కా. పూర్తిగా."

విమానం అక్క బిళ్ళ తాడుని వేలికి చుట్టుకుంది. ఇంటికెళ్ళి దీన్ని తన బల్ల మీద, రోజూ కనపడేచోట పెట్టుకోవాలనుకుంది. మంచులో ఫొటో లేకపోతేనేం, ఇది చాలు. గుప్పిట గట్టిగా మూసుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చక్రాల కుర్చీ ఆగింది. కొత్త పిల్ల. ఖాళీ అయిన మంచానికి వచ్చింది. బిక్కమొహం వేసుకుని అందరి మెడల్లోని బిళ్ళలకేసి చూస్తోంది. "బిళ్ళలు అయిపోయాయి, వడ్రంగి చేసిచ్చేదాకా ఆగాలి," అంటోంది నర్సు.

లాయరమ్మ ఒక్క మాటైనా అనలేదు. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి, ఊరికే విమానం అక్క కేసి చూసింది.

"చూడకు అలా," అంది విమానం అక్క. "ఇది నాది. నువ్వే ఇచ్చావు."

"అవునక్కా. నీదే," అంది లాయరమ్మ.

అబ్బబ్బబ్బ! ఈ పిల్లతో చచ్చే చావు వచ్చిపడింది! విమానం అక్క కాసేపు గోడకేసి, కాసేపు పైకప్పుకేసి చూసింది. చివరికి గుప్పిట విప్పి, కొత్త పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గొడుగు బిళ్ళ ఆమె మెళ్ళో వేసింది.

లేచి నిలబడేసరికి ఎదురుగా లాయరమ్మ ఉంది. బడిసంచీ సర్దుకుని, కట్టు కాలు మీద మెల్లగా దగ్గరికొచ్చి, తల ఎత్తి ఆమె మొహాన్ని ఆ చెంప నుంచి ఈ చెంప దాకా తీరిగ్గా పరీక్షించింది.

"పర్వాలేదక్కా," అంది.